మూత మీది పన్నెండంకెలు

"ముందు వాణ్ణి తిప్పమను," అన్నాడు పెద్దవాడు, గోడకేసి చూస్తూ.

"ఆయనగారు తిప్పాకే నేను తిప్పుతానని చెప్పక్కా," అన్నాడు చిన్నవాడు, కిటికీకేసి చూస్తూ.

"మీ ఇద్దరి మధ్య నేనేమన్నా తపాలా బంట్రోతునా?" అక్క కసిరింది. ఆవిడ లెక్కల టీచరు. కసరడం వెన్నతో పెట్టిన విద్య.

ముగ్గురి మధ్యా బల్ల మీద ఇనప్పెట్టె ఉంది. తాళాలు చేసే తండ్రి పోయేముందు చేసిన ఆఖరి తాళం దానిదే. ఆరంకెలు పెద్దవాడి చెవిలో చెప్పాడు, ఆరంకెలు చిన్నవాడి చెవిలో. ఆ రెండు సంఖ్యల్నీ గుణిస్తే వచ్చేదాన్ని మూత మీద చెక్కాడు: 137528481361. "ఇద్దరూ కలిసొస్తేనే తెరుచుకుంటుంది" అన్నాడు. లోపల ఆయన తాళాల నమూనాల పుస్తకం ఉంది. అది లేక ఇద్దరికీ పెద్ద పనులు రావడం లేదు. ఆయన పోయాక దుకాణం మధ్యలో గోడ లేచింది, మూడేళ్ళుగా అన్నదమ్ములకి మాటల్లేవు. అక్కని చూడ్డానికి వేరువేరు రోజుల్లో వస్తారు, పెట్టె ముందు కూర్చుని టీ తాగి పోతారు. పెట్టె తుప్పు పడుతోంది, ఇవాళ తెరవకపోతే పాతసామాన్లవాడికి అమ్మేస్తానని అక్క కబురు పెడితేగాని ఒకేసారి రాలేదు.

"రెండుతో పోదు, మూడుతో పోదు, ఏడుతో పోదు, పదమూడుతోనూ పోదు," అంది అక్క ముచ్చటగా. "చూస్తే అసలు విరగదనే అనిపిస్తుంది. కానీ విరుగుతుంది, ఒకే ఒక్క జత సంఖ్యలుగా. మా పిల్లలకిస్తే నెల్లాళ్ళు తలలు బద్దలుకొట్టుకున్నారు."

చేయి అడ్డం పెట్టుకుని పెద్దవాడు తిప్పాడు. తర్వాత చిన్నవాడు. మూత లేవలేదు.

"వాడు మర్చిపోయుంటాడు."

"మతిమరుపు ఎవరికో ఊరంతా తెలుసు."

"నోళ్ళు మూసి ఎవరి అంకెలు వాళ్ళు కూడండి!"

పెద్దవాడు వేళ్ళు మడిచాడు. "ఇరవై ఐదు."

చిన్నవాడు ఉలిక్కిపడ్డాడు. "నాదీ ఇరవై ఐదే!"

"కాపీ కొట్టుంటాడు."

"గుణకారం సరిచూసే చిట్కా ఒకటుంది. రెండూ ఐదూ ఏడు. ఏడేళ్ళు నలభై తొమ్మిది. మూత మీది అంకెలు కూడితే ఎంత?" అంది అక్క.

అన్నదమ్ములు ఒకే మూత మీదికి వంగారు. "నలభై తొమ్మిది!" ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది.

"ఇద్దరూ తప్పలేదన్నమాట," అంది అక్క.

"మరి తప్పెవరిది?" అన్నాడు చిన్నవాడు.

పెద్దవాడు పెట్టెకు చెవి ఆనించాడు. "మూడో చక్రం పట్టేసింది. ఒరేయ్, నూనె!"

మూడేళ్ళ తర్వాత అదే మొదటి మాట. చిన్నవాడు వంటింట్లోకి పరుగెత్తాడు. "నేను అదిమి పడతా, నువ్వు తిప్పన్నా!"

టక్కుమంది. పుస్తకం బయటికొచ్చింది.

"నువ్వుంచుకోరా."

"నాకెందుకు, నువ్వే ఉంచుకో."

"గోడకు తలుపు పెడదామా?"

"తలుపెందుకన్నా ఖర్చు, గోడే కొట్టేద్దాం."

పుస్తకం ఎవరు మోయాలో వాదించుకుంటూ మెట్లు దిగారు. అక్క కళ్ళు తుడుచుకుంది. సంతోషం పట్టలేక ఒక్కతే నవ్వుకుంది.

బల్ల సర్దుతుంటే పెద్దవాడు మర్చిపోయిన కళ్ళజోడు పెట్టె కనిపించింది. అందులో మడతలు చిరిగిన కాగితం. మూత మీది సంఖ్యను పెద్దవాడు తన సంఖ్యతో భాగించిన లెక్క. శేషం సున్నా. వచ్చిన ఆరంకెల కింద రెండు గీతలు. అవి తమ్ముడి అంకెలు. పైన వేసిన తేదీ, తండ్రి పోయాక సరిగ్గా వారానికి.

"ఓరి దొంగ వెధవా, నువ్వూనా!" అంది అక్క.

చిన్నవాడు కూడా ఇలాంటి భాగహారమే చేసి పోయినేడు ఆవిడ చేత దిద్దించుకున్నాడు.