గీత మీద చెట్టు

"ఆ చెట్టు అక్కడ వద్దు," అన్నాడు లిఫ్టుల మెకానిక్కు, తలెత్తకుండానే.

స్పాంజి ముక్కతో చేసిన బుల్లి చెట్టు భార్య వేళ్ల మధ్య అలాగే ఆగిపోయింది.

"ఎందుకని? బల్లకీ బల్లకీ మధ్య ఈ గీత అసహ్యంగా ఉంది. చెట్టు పెడితే కనబడదుగా."

"గీత మీద ఏదీ అంటించకూడదు. నీకు మధ్య బల్ల ఇచ్చాను కదా, దాని మీద ఎన్ని కావాలంటే అన్ని నాటుకో."

ఆమె చెట్టు వెనక్కి తీసుకుంది. ఈమధ్య మారుమాటంటేనే ఆమెకు భయం. ఆమధ్య ఒకసారి మాటా మాటా పెరిగి, "ఇక నీతో నావల్ల కాదు," అంటూ అతను పెట్టె సర్దేశాడు. గుమ్మందాకా వెళ్లి, ఎందుకో ఆగాడు. ఎందుకాగాడో అడిగే ధైర్యం ఆమెకు ఈనాటికీ రాలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకే హాల్లో ఈ బొమ్మ రైలు పని మొదలెట్టాడు.

మొదలెట్టడమంటే మామూలుగా కాదు. మూడు పెద్ద బల్లలు, ఒకదాని మీద వంతెన, ఇంకోదాని మీద స్టేషను. భోజనాల బల్ల వంటింట్లోకి, ఆమె కుట్టుమిషను మంచం పక్కకి పోయాయి. కంచంలో రంపపుపొట్టు పడ్డా ఆమె కిక్కురుమనలేదు. పైగా లోలోపల సంబరం. నట్టనడిమి బల్ల తనకిచ్చాడని మరీ సంబరం.

"బావకేమైనా పిచ్చా అక్కా?" అంది చెల్లెలు ఫోన్లో.

"పిచ్చే అనుకో. వెళ్లిపోయే మనిషి ఈ గోడ నుంచి ఆ గోడకి రైలు కడతాడా? దీన్ని వదిలేసి ఎక్కడికి పోతాడే?"

శనివారం అతను డ్యూటీకి వెళ్లాక కళ్లజోళ్ల షాపాయన వ్యాను వేసుకొచ్చాడు. బొమ్మరైళ్ల క్లబ్బుకి ఆయనే పెద్ద.

"బల్లల కోసం వచ్చాను చెల్లెమ్మా. మీ ఆయన చెప్పే ఉంటాడు."

చెప్పలేదు. అయినా పరాయి మనిషి ముందు బయటపడలేక, "చెప్పారన్నయ్యగారూ," అంది.

ఆయన బల్లల కిందకి దూరి మరలు తిప్పడం మొదలెట్టాడు. పనిముట్లేమీ లేవు, వట్టి చేతులతోనే. స్టేషను బల్ల చక్కగా విడిపోయి పక్కకి జరిగింది.

"అయ్యయ్యో, ఊడిపోయింది!"

"ఊడాలనేగా చేసింది! కొత్తవాడైనా మీ ఆయన పనితనం చూడమ్మా, కొసల దగ్గర పట్టాల్లో వెంట్రుకవాసి తేడా లేదు. ఎప్పుడంటే అప్పుడు విప్పి పట్టుకుపోయేలా కట్టాలి, ఎలాగని మొదటి రోజే నన్నడిగాడు."

ఆమె పక్కకి జరిగిన బల్లని గబుక్కున పట్టుకుంది.

"పట్టుకుపోయేలా అంటే?"

"మా క్లబ్బులో అందరం అంతే. ఎవరింట్లో వాళ్లు బల్ల చేసుకుంటాం. పైన కొండ కట్టుకున్నా చెరువు తవ్వుకున్నా ఎవరిష్టం వాళ్లది. కొసలు మాత్రం ఒకే కొలతలో ఉండాలి. ప్రదర్శన రోజున అన్నీ తెచ్చి కలిపేస్తే రైలు అందరి ఊళ్లూ చుట్టొస్తుంది."

ప్రదర్శనా! ఆమె ఊపిరి పీల్చుకుంది. తన పిరికితనానికి తనకే నవ్వొచ్చింది. వ్యానులోకి ఎక్కించడానికి తనూ ఒక చెయ్యి వేసింది.

వంతెన బల్ల కూడా వెళ్లింది. హాలు మధ్యలో చెట్లతో నిండిన బల్లొక్కటే మిగిలింది.

"మరి ఇది?"

"అది వద్దన్నాడు. ఏం ఫర్వాలేదు, అది లేకపోయినా మిగతా రెండూ కలుస్తాయి."

ఆమె మనసు చివుక్కుమంది. రాత్రింబవళ్లు కూర్చుని చేసిన చెట్లు. అయినా సర్దుకుంది.

"నా చెట్లు నలుగురిలో పెట్టేంత బాగా లేవేమోలెండి. జాగ్రత్త అన్నయ్యగారూ, ఆయన ప్రాణమంతా వాటి మీదే. మళ్లీ ఎప్పుడు తెచ్చిస్తారు?"

కళ్లజోళ్లాయన గుమ్మంలో ఆగి, విచిత్రంగా చూశాడు.

"తిరిగి తేవడమేంటి చెల్లెమ్మా, మీ ఆయన కొత్త ఇంట్లో దించమన్నాడుగా!"