పొడుగాంటీ

బంతి కాలికి తగిలింది.

రేణు గబుక్కున వంగి బంతిని ముట్టుకుని, ఆ చేతిని కళ్లకు అద్దుకుంది.

"అదేమిటి?" అని అడిగింది బాస్కెట్‌బాల్ రింగ్ కింద నిలబడ్డ పొడుగాటి అమెరికన్ ఆవిడ.

"కాలు తగిలితే అలా సారీ చెప్పాలి ఆంటీ. మా మమ్మీ చెప్పింది."

ఆవిడ బంతిని చేతిలోకి తీసుకుంది.

"అలాగైతే నేనీ బంతికి చాలా సారీలు బాకీ ఉన్నాను," అని నవ్వింది.

అది 1986 వేసవి. అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్లో, అపార్ట్‌మెంట్ల వెనక, కార్లు ఆపే చోటు పక్కన ఒక పాత రింగ్ ఉండేది. దానికి వలైనా లేదు.

పన్నెండేళ్ల రేణుకి స్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో చేరాలని ఒకటే పట్టుదల. కిందటేడు సెలక్షన్స్‌లో పొట్టిపిల్లవని పక్కన పెట్టేశారు. నవంబర్‌లో మళ్లీ సెలక్షన్స్. ఈసారీ కాదంటే ఇంక బంతి ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది.

ఆవిడ పక్క బిల్డింగ్‌లో ఉంటుంది. మోకాలికి పట్టీ. పరుగెత్తదు, ఎగరదు. నిలబడ్డ చోటి నుంచే బంతి వేస్తుంది.

వేసిందంటే పడాల్సిందే. వల లేదు కాబట్టి చప్పుడు కూడా ఉండదు. రేణు నోరు తెరుచుకుని చూసేది.

"పొట్టిగా ఉండటం తప్పు కాదు. మోచెయ్యి పక్కకి పోవడం తప్పు," అనేది ఆవిడ.

రోజూ పొద్దున్నే పాఠం. ఎండైనా, చినుకులైనా.

ఆవిడ పేరేమిటని ఎవరూ అడగలేదు. రేణు ఆంటీ అంది, ఇంట్లో అందరికీ పొడుగాంటీ అయింది. మనవాళ్లకి ఒక మనిషి ఆంటీ అయిపోయాక ఇంక పేరుతో పనేముంది!

"ఏమండీ, ఒక్కసారి వచ్చి చూడండి," అంది రేణు తల్లి వసుమతి వంటింటి కిటికీ దగ్గర నిలబడి. "ఆవిడ బంతి వేస్తుంటే దణ్ణం పెట్టాలనిపిస్తోంది."

కృష్ణమోహన్ పేపర్‌లోంచి తల ఎత్తలేదు.

"ఏం చేస్తుందావిడ?"

"పళ్ల డాక్టర్ ఆఫీస్‌లో ఫోన్లు చూసుకుంటుందట."

"అదీ సంగతి. ఏదైనా నేర్చుకుంటే పేరున్నవాళ్ల దగ్గర నేర్చుకోవాలోయ్."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా మరి. కూతురంటే ప్రాణం ఆయనకి. ఆఫీస్‌లో నలుగురినీ కనుక్కుని, మూడు గంటలు డ్రైవ్ చేస్తే గాని రాని ఒక కాలేజీ సమ్మర్ క్యాంప్‌లో రేణుని చేర్పించాడు.

ఆ సంగతి పొడుగాంటీకి ఆయనే వెళ్లి చెప్పాడు, చాలా మర్యాదగా.

"ఇన్నాళ్లూ మా అమ్మాయి మీ టైమ్ వేస్ట్ చేసింది. ఇంక మీరు శ్రమ పడక్కర్లేదు. మంచి కోచింగ్‌కి పంపిస్తున్నాం."

"ఎక్కడికి?"

ఆయన కాలేజీ పేరు చెప్పాడు.

ఆవిడ చేతిలో బంతి ఆగిపోయింది.

"మంచి చోటు," అంది. "అక్కడ చెక్కనేల చాలా బావుంటుంది."

బంతిని రేణు చేతుల్లో పెట్టింది. "మోచెయ్యి," అని గుర్తుచేసి, మెల్లగా కుంటుకుంటూ వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే పొడుగాంటీ ఇల్లు ఖాళీ అయింది.

"డాడీ, ఆంటీ నాకు బై కూడా చెప్పలేదు," అని రేణు ఏడ్చింది.

"అపార్ట్‌మెంట్లన్నాక వస్తారు, పోతారు నాన్నా. క్యాంప్‌లో నీకు ఇంకా మంచి కోచ్ ఉంటారుగా."

క్యాంప్ మొదటి రోజు. తల్లీతండ్రీ గోడ పక్కన నిలబడ్డారు. పిల్లలంతా వరసలో ఒక్కొక్కరే బంతి వేస్తున్నారు.

రేణు వంతు వచ్చింది. వేసింది. పడింది.

తల నెరిసిన కోచమ్మ ఈల ఊది ఆట ఆపేసింది.

"మళ్లీ వెయ్యి."

మళ్లీ పడింది.

"ఈ షాట్ నీకెవరు నేర్పారు?"

"ఆంటీ."

"ఆంటీ పేరు?"

రేణు తండ్రి వైపు చూసింది. ఆయన వసుమతి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

అంతలో రేణు, "అదిగో ఆంటీ!" అని కేక పెట్టింది.

ఎదుటి గోడ మీద నిలువెత్తు ఫోటో. మోకాలికి పట్టీ లేని ఓ అమ్మాయి గాల్లో ఉంది. చుట్టూ ఉన్నవాళ్లందరి చేతులూ ఆమె నడుము దగ్గరే ఆగిపోయాయి. ఫోటో కింద పెద్ద అక్షరాల్లో లొరెట్టా హేస్టింగ్స్ అని ఉంది. ఆ పేరు కృష్ణమోహన్ చదవడం అదే మొదటిసారి.

"ఈ కాలేజీలో ఆడామగా అందరిలోకీ ఎక్కువ పాయింట్లు తనవే," అంది కోచమ్మ. "డెబ్బై ఆరులో చేరినప్పుడు మాకు సొంత యూనిఫారాలు కూడా లేవు. వాలీబాల్ పిల్లల చొక్కాలు అడిగి తెచ్చుకుని ఆడింది. మొదటి మ్యాచ్ చూడ్డానికి ఈ జిమ్ హాలు తుడిచే ఆయనొక్కడే వచ్చాడు. ఆఖరి మ్యాచ్‌కి జిమ్ నిండిపోయి తలుపులు మూసేశాం. జనం బయట మంచులో నిలబడి కేకలు విని లెక్కపెట్టుకున్నారు. అంతటి ఆట, బాబూ! తర్వాత మోకాలు పోయింది. ఆడవాళ్లకని ఒక లీగ్ పెడితే అదీ మూతబడింది."

ఎక్కడి నుంచో ఒక బంతి దొర్లుకుంటూ వచ్చి కృష్ణమోహన్ బూటుకి తగిలింది. వంగి దాన్ని ముట్టుకుని, ఆ చేతిని కళ్లకు అద్దుకున్నాడు.

"ఇప్పుడు ఆవిడ ఎక్కడుంది?" అని అడిగాడు.

"తెలీదు. ఊరు మారుతున్నానని ఫోన్ చేసింది, ఎక్కడికో చెప్పలేదు. పిల్లలకి నేర్పడానికి ఇక్కడికి రమ్మని ఏటా పిలుస్తాను. జూన్‌లో కూడా పిలిచాను."

కోచమ్మ ఫోటో వైపు చూసింది.

"'నన్ను ఆంటీ అని పిలిచే పిల్ల ఒకతి ఉందిక్కడ. అది టీమ్‌లో చేరేదాకా ఎక్కడికీ కదల్లేను,' అంది."