వేసుకోని బూట్లు

ఆ మూట దగ్గర ముగ్గురికీ మాట కుదరలేదు.

మూట అంటే ఒక మనిషి ఒకే విషయం మీద ఏళ్ళ తరబడి ఇంటర్నెట్‌లో వెతికిన ముక్కలన్నీ ఒకచోట చేర్చింది. పేరుండదు, ఊరుండదు. పైన ఒక నంబరు, పక్కన తారీకులు, అంతే. జనం వెతికేటప్పుడు సగం సగం కొడతారు కదా. "కుక్కర్ అరుస్తుంది ఉడకదు" అని ఒకరు. "బస్సులో విన్న పాట ఆడగొంతు" అని ఇంకొకరు. అవి చదివి, ఆ మనిషికి అసలు ఏం కావాలో పసిగట్టి ముద్ర వేయడం ఆ ఆఫీసులో పని.

ముద్ర పడిందంటే ఇక ఆ వస్తువు ప్రకటనలు ఏడాది పొడుగునా ఆ మనిషి ఫోన్లో వెంటపడతాయి. ఏమీ కొనే మనిషి కాదు, వదిలేద్దాం అనుకుంటే మూటకి మూత వేస్తారు. ముగ్గురిలో ఇద్దరు ఏదంటే అదే ఖాయం.

ముగ్గురిలో పెద్దవాడు బాబాయ్. యాభై దాటాయి. చదువు ఎనిమిదో తరగతితో సరి. అయినా డిగ్రీలున్నవాళ్ళు తల పట్టుకున్న ముక్కని ఇట్టే విప్పేస్తాడు. ఎలా అని అడిగితే, నేనూ అలాగే కొడతాను కదా అని నవ్వేస్తాడు.

రెండో మనిషి కామా. మాట మొదలుపెడితే ఫుల్‌స్టాప్ ఉండదని ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. మూడోవాడు లీడరు. మధ్యాహ్నంలోగా ఇరవై మూటలు తేలకపోతే అతనికి అన్నం సహించదు.

తెర మీద మూట ఇలా ఉంది.

"అయిదేళ్ళ పాప బూట్లు వేసుకోనివి ఏం చేయాలి."

"ఆరేళ్ళ పాప బూటు సైజు."

"పాలపళ్ళు ముందు ఏవి ఊడతాయి."

"ఏడేళ్ళ పాప బూటు సైజు."

"ఎనిమిదేళ్ళ పాప నాన్నకి ఎంత దాకా వస్తుంది."

అలా ఏటా పెరుగుతూ, చివరిది పదకొండేళ్ళ పాప బూటు సైజు.

అన్నీ నవంబరు ఏడునే అడిగారని కామా కనిపెట్టింది. ఇంకో రెండు రోజుల్లో మళ్ళీ అడుగుతారు చూడండి అంది.

"ఇందులో చిక్కేముంది? బూట్లు," అన్నాడు లీడరు. "ముద్ర కొట్టేసి టీకి పోదాం."

కామా మాత్రం బాబాయ్‌ని అడగమంది. బాబాయ్‌కి కూతురుందని ఆఫీసంతటికీ తెలుసు. ఇక్కడ చేరిన ఈ మూడేళ్ళుగా టీ గ్లాసు చేతికొస్తే చాలు, చిన్నదాని మాటే. ఈ ఏడు ఎంత ఎత్తో, కాలికి ఏ నంబరో ఆయన నాలిక చివరే ఉంటాయి. మా ఆయనకి పిల్లలు ఏ క్లాసో కూడా తెలీదు, బాబాయ్‌ని చూసి నేర్చుకోమంటే మొహం మాడ్చుకుంటాడు, అని కామా రోజూ దెప్పుతుంది.

ముద్రకి ముందు ప్రతి ఒక్కరూ "ఈ మనిషి నాకు తెలియదు" అన్న గడి నొక్కాలి. తెలిసినవాళ్ళ మూటైతే తప్పుకోవాలి. అప్పుడది పక్క గదివాళ్ళకి పోతుంది. వాళ్ళు పైపైన చదివి దబదబా ముద్రలు కొట్టే రకం.

లీడరు నొక్కాడు. కామా నొక్కింది. బాబాయ్ కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని నొక్కాడు.

"బూట్లు కాదు. మూత వేద్దాం," అన్నాడు.

ఏటా బూట్లడిగే మనిషికి బూట్లొద్దా అని లీడరు పకపకా నవ్వాడు.

"కొనేవాడైతే రంగు అడుగుతాడు నాయనా. రేటు అడుగుతాడు, కొట్టెక్కడ అంటాడు. ఈ మనిషి ఒక్కసారీ అడగలేదు. ఇంట్లో పిల్లంటే దగ్గొస్తుంది, జ్వరమొస్తుంది. ఇన్నేళ్ళ మూటలో ఒక్క దగ్గు లేదు చూడు."

అమ్మానాన్నా విడిపోయి ఉంటారు, పిల్ల తల్లి దగ్గర ఉండి ఉంటుంది, తండ్రి బూట్లు పంపాలనుకుంటున్నాడేమో అన్నాడు లీడరు. అలాగైతే బూట్ల ముద్రే కదా సరైంది అని కూడా కలిపాడు.

బాబాయ్ తల అడ్డంగా ఊపాడు.

"పంపేవాడు ఎన్ని రోజులకి చేరుతుందని అడగడూ? పాదం కొలవడం ఎంతసేపు? కాగితం మీద నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీస్తే సరి. పక్కన పాదం లేనివాడే లోకాన్ని అడుగుతాడు."

కామా కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అంటే బాబాయ్, పిల్ల…"

"ఇక లేదమ్మా. ఆ మొదటి ముక్క చదువు. కొన్నారు. వేసుకునే లోపే…" బాబాయ్ తెర మీద ఆ ముక్కని వేలితో చూపించాడు. "ఫోన్ తెరిచినప్పుడల్లా చిన్న చిన్న బూట్లు కనబడితే, పాపం, ఆ మనిషి ఏమైపోతాడు?"

ఇదంతా ఊహే కదా, రుజువేదని లీడరు నిలదీశాడు. బాబాయ్ చేతులు బల్ల కిందికి లాక్కున్నాడు.

ఇక మాట కామాది. ఆమె తెరని పైనుంచి కింద దాకా ఇంకోసారి చదివింది.

"మూత," అంది.

ఆ ఒక్క మాటతో ఆపేసింది. లీడరు భుజాలెగరేసి మీట నొక్కాడు. మూట తెర మీంచి మాయమైంది.

సాయంత్రం సంచి సర్దుకుంటూ కామా బాబాయ్ బల్ల దగ్గర ఆగింది. కళ్ళెదుట పిల్ల తిరుగుతున్న నీకు ఇది ఎలా తట్టింది బాబాయ్ అని అడిగింది. ఆయన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు.

"ఇంటికెళ్ళగానే చిన్నదాన్ని ఒకసారి దగ్గరికి తీసుకో. నా మాటగా."

"అలాగేనమ్మా," అన్నాడు బాబాయ్.

రెండు రోజుల తర్వాత, నవంబరు ఏడున, ఆఫీసుకొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బాబాయ్ ఫోన్ తీసి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు: "పన్నెండేళ్ళ పాప బూటు సైజు."