ఏ ముక్క మెత్తన?

2001 జులై 12, గురువారం. ఆ రోజు తిన్నది ముసలి కోడి, ఉప్పు తప్ప మరేమీ వేయకుండా ఉడికించిన రెండేసి ముక్కలు. హరినాథ్‌కు ఆ తేదీ ఇప్పటికీ గుర్తే.

గుడ్లు పెట్టడం మానేసిన కోడి మాంసం రబ్బరులా సాగుతుంది. చెవికి వినబడని శబ్దతరంగాలు పంపితే మెత్తబడుతుందేమోనని తిరుపతి ల్యాబులో అతని ప్రయోగం. ఒక ముక్క మిషన్లో పెట్టినది, ఇంకొకటి పెట్టనిది. ఏది ఏదో తెలియకుండా వాటికి నంబర్లు. రుచి చూసే ఆరుగురిలో ఐదుగురు కుర్రకారు. ఎనిమిది వారాలుగా "రెండూ ఒకటే" అని రాసిచ్చి పోతున్నారు. అటెండరు జయరామ్ పత్రం మాత్రం ఒక్కసారీ తప్పలేదు. ప్రతిసారీ మిషన్లో పెట్టిన ముక్కకే ఎక్కువ మార్కులు.

జయరామ్ చెరకుగడను పళ్లతో చీల్చే మనిషి. నలుగురి ముందు నమలాలంటే సిగ్గని, ముక్కలు డబ్బాల్లో ఇంటికి తీసుకుపోయి, మర్నాడు పత్రం తెచ్చిచ్చేవాడు. "నిదానంగా నమిలితే గానీ తెలీదు సార్" అనేవాడు. తాను పోయేదాకా తల్లి కుప్పమ్మ ముద్ద ముట్టదని, ఐదు కాగానే సైకిలెక్కేవాడు.

ఆ సాయంత్రం పెద్దసారు బాలచంద్ర పత్రాలన్నీ తిరగేశాడు.

"మీవాడు నంబర్ల పట్టిక సూసినాడప్పా."

"పట్టిక నా జేబులోనే ఉండాది సార్."

"అయితే నోట్లో తక్కెడ పెట్టుకున్నాడా?"

"అదే నాకూ అంతు పట్టలేదు."

రేపటికల్లా తేల్చమన్నాడు పెద్దసారు. జయరామ్ పత్రాలు పక్కన పెడితే మిగిలేది "రెండూ ఒకటే". సోమవారం మిషన్ వెనక్కి పోతుంది. మూడేళ్ల పని అటకెక్కుతుంది.

అడిగితే నొచ్చుకుంటాడేమోనని అనుకుంటూనే, ఉండబట్టలేక హరినాథ్ చీకటి పడ్డాక జయరామ్ ఇంటికి నడిచాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల జయరామ్ గొంతు మెల్లగా వినిపించింది.

"తొందరేం లేదు, నిదానంగా."

పిలవబోయి, సందులోంచి చూసి ఆగిపోయాడు. కాసేపటికి నవ్వొచ్చింది. గాలికి మళ్లీ తెరుచుకోకుండా, చప్పుడు కాకుండా ఆ తలుపు దగ్గరగా వేసి వెనుదిరిగాడు.

పత్రం కొడుకు చేతిలో ఉంది, ముక్క తల్లి బోసినోట్లో ఉంది.