వేడిగొట్టంలో ఎలుక

"చెయ్యి ఇంకాస్త లోపలికి పెట్టు. అదేం పులి కాదు, ఎలుక!" అంది వెర్లా.

బయట కెనడాలోని సస్కచ్వాన్ చలి గోళ్ళు పీకేస్తోంది. ముందుగదిలో నేలకున్న హీటరు గొట్టం మూత ఊడదీసి, ఆమె మొగుడు ఒరెస్ట్ బోర్లా పడుకున్నాడు. లోపల చిక్కుకున్న ఎలుక నిన్నటినుంచీ గీరుతూనే ఉంది.

అతని గుప్పిట్లోకి ముందు ఎలుక రాలేదు. పొద్దుతిరుగుడు గింజల పొట్టు వచ్చింది, ఉప్పు అంటుకుని మరీ.

"ఆహా! ఉప్పేసి వేయించుకుని తింటోందే! దీనిక్కూడా నీలాగే గుండె ఆపరేషనయి, డాక్టరు ఉప్పు మానమన్నాడా?"

"చెత్తబుట్టలో వేస్తే నువ్వు చూస్తావని..." నసిగాడు ఒరెస్ట్.

"అందుకని మూత సందుల్లోంచి జారవిడిచి, ఎలుకని విందుకి పిలిచావు. ఆస్పత్రి వరండాలో నేను కూర్చున్న కుర్చీ ఇంకా చల్లారనైనా లేదు, తెలుసా?" చివరికొచ్చేసరికి ఆ గొంతులో వెటకారం లేదు.

ఒరెస్ట్ మళ్ళీ చెయ్యి దూర్చాడు. ఈసారి ఎలుక దొరికింది, తళతళలాడే గూటితో సహా. గూడంతా చాక్లెట్ కాగితాలే.

ఎలుకని డబ్బాలో వేసి, ఒక కాగితాన్ని మోకాలిమీద పెట్టి సాపుచేశాడు. "పాపం, దీనికి షుగరు కూడా ఉన్నట్టుంది."

పూటపూటా ఇన్సులిన్ పొడుచుకునే వెర్లా కిటికీకేసి తిరిగి, మంచుని ఎన్నడూ చూడనట్టు చూసింది.

"మరి దీన్నేం చెయ్యమంటావు?" అన్నాడతను మెల్లగా.

"ఎదురింటివాళ్ళ గొడ్లకొట్టంలో వదిలిరా. ఇంట్లో సాక్షుల్ని ఉంచుకోకూడదు."