పక్కగుమ్మం దగ్గర చెప్పులు

చర్చి పక్కగుమ్మం ముందు నమ్రత చెప్పులు విడిచింది.

ఆమెను చూసి ఫణి కూడా బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"ఇది చర్చ్ కదమ్మా, ఇక్కడ షూస్ తీయక్కర్లేదు," అంది తొమ్మిదేళ్ళ స్మృతి.

"దేవుడున్న చోట ఎక్కడైనా తీయాల్సిందే," అంది నమ్రత.

ఆమె విజయవాడ పిల్ల. చిన్నప్పుడు గుణదల కొండ కూడా ఉత్తకాళ్ళతోనే ఎక్కేది. స్మృతి గొణుక్కుంటూ బూట్లు విప్పింది.

తాముండే బాతెల్ నుంచి యోసెమిటీ కొండలు చూడటానికి వచ్చి, కారులో ఎయిర్‌పోర్ట్‌కి తిరిగి వెళుతున్నారు ముగ్గురూ. కాలిఫోర్నియా లోపలి ఎండ మాడ్చేస్తోంది. దారిలో తగిలింది ఈ చిన్న ఊరు. ఎప్పుడో పోర్చుగీసు దీవుల నుంచి వచ్చిన పాడిరైతులు కట్టుకున్నదట. వీధుల్లో నరమానవుడు లేడు. కాఫీ షాపుకు తాళం వేసి ఉంది. చర్చి తలుపు ఒక్కటే తెరిచి ఉంది. నిజం చెప్పాలంటే ఫణి వెతుక్కుంటూ వచ్చింది దేవుణ్ణి కాదు, ఏసీని.

అయినా చెప్పుల బెంగ అతన్ని వదల్లేదు. గుళ్ళ దగ్గర రెండు జతలు పోగొట్టుకున్నవాడు మరి.

గుమ్మం పక్కన నల్లకోటు తొడుక్కున్న ముసలాయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. చర్చిలో పనిచేసే మనిషై ఉంటాడనుకున్నాడు ఫణి. కాస్త ఇవి చూస్తూ ఉంటారా, ఇప్పుడే వచ్చేస్తాం అని ఇంగ్లీషులో అడిగాడు.

ముసలాయన వాళ్ళ ఉత్తకాళ్ళ వంక చూశాడు. ఎందుకో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీరు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను," అని మెట్టు మీద కూర్చున్నాడు.

లోపల చల్లగా ఉంది. ఊరంతా అక్కడే ఉంది. జనం గుసగుసలాడుతున్నారు, మాటిమాటికీ ముందు వాకిలి వైపు చూస్తున్నారు.

ఫిలొమీనా అనే పెద్దావిడ జరిగి వాళ్ళకు చోటిచ్చింది. పండగపూట పరాయివాళ్ళు రావడం తమకు శుభమని చెప్పింది. కాసేపట్లో పీఠం మీదున్న వెండి కిరీటాన్ని ఊరేగింపుగా ఊరి హాలుకు తీసుకువెళతారట. అక్కడ ఊరికీ, దారినపోయే వాళ్ళకీ భోజనాలు. కిరీటం మోసే మనిషిని ఏటా చీటీలు వేసి తీస్తారట. ఈ ఏడు చీటీ అవెలీనో అనే ఆయనకు వచ్చింది.

"పెళ్ళైన ఏడాది నుంచీ మొగుడూ పెళ్ళాం పేర్లు వేస్తూనే ఉన్నారు. పోయిన చలికాలంలో ఆమె చనిపోయింది. ఇప్పుడు వచ్చింది వంతు. ఆమె పేరు మీద మోస్తానన్నాడు," అంది ఫిలొమీనా.

"మరి ఇంకా మొదలుపెట్టలేదేం?" అని అడిగింది నమ్రత.

"ఆయనే కనిపించడం లేదు."

ఫోన్ ఇంట్లోనే వదిలేశాడట. ఇంటి దగ్గర చూశారు, భార్య సమాధి దగ్గర చూశారు, ముందు రోడ్డంతా చూశారు. పన్నెండు గంటలు కొట్టేలోగా రాకపోతే వంతు ఇంకొకరికి పోతుంది. ఒకసారి చీటీ వచ్చిన పేరు మళ్ళీ వేయరు. అది వాళ్ళ పద్ధతి.

ముఖం కూడా ఎరగని ఆ మనిషి కోసం నమ్రతకు దిగులేసింది.

ఫణి వాచీ చూసుకున్నాడు. "చల్లబడ్డాం కదా, ఇక బయల్దేరదామా? ఫ్లైట్ మిస్ అవుతాం."

"ఉండు ఫణీ. పాపం, ఆయన రావాలి. వచ్చేదాకా నేను కదలను."

కళ్ళు మూసుకుని, చేతులు జోడించి కూర్చుంది. ఒకటి రెండు సార్లు ఫణి మోచేత్తో పొడిచాడు. ఆమె కళ్ళు తెరవలేదు. స్మృతి తల్లి ఒడిలో తల పెట్టుకుని నిద్రపోయింది.

పన్నెండు కొట్టింది.

అందరూ మరోసారి ముందు వాకిలి వైపు చూశారు. తర్వాత ఒక నడివయసు మనిషి ఇబ్బందిపడుతూనే లేచి కిరీటం అందుకున్నాడు. ముందు వాకిట్లో బ్యాండు మొదలైంది. ఫిలొమీనా కళ్ళు తుడుచుకుంటూ జనంతో కలిసి వెళ్ళిపోయింది.

ముగ్గురూ పక్కగుమ్మంలోంచి బయటికి వచ్చారు.

ముసలాయన అక్కడే ఉన్నాడు. నీడ జరిగినకొద్దీ చెప్పుల్నీ జరుపుతూ వచ్చినట్టున్నాడు. చెప్పులు నీడలో ఉన్నాయి, ఆయన ఎండలో ఉన్నాడు. మెడ ఎర్రగా కమిలింది.

ఫణికి సిగ్గేసింది. ఆలస్యమైందని క్షమాపణ చెప్పుకున్నాడు. మీరు అంతసేపు కూర్చోవలసింది కాదు, వెళ్ళిపోవలసిందన్నాడు.

"మా అమ్మ పుట్టిన దీవిలో మొక్కున్నవాళ్ళే ఉత్తకాళ్ళతో లోపలికి వెళతారు. చెప్పులు చూస్తానన్న మనిషి మధ్యలో లేచిపోతే వాళ్ళ మొక్కు చెడుతుందనేది మా అమ్మ," అన్నాడు ముసలాయన.

ఇది మొక్కూ కాదు ఏమీ కాదు, మా అలవాటు అని చెప్పబోయాడు ఫణి. నమ్రత అతని చెయ్యి నొక్కింది.

"మరి మీరు కోరుకున్నది జరిగిందా అమ్మా?" అని అడిగాడు ముసలాయన.

నమ్రత తల అడ్డంగా ఊపింది.

"లేదండీ. అవెలీనో అని ఒకాయన గంట కొట్టేలోగా రావాలని మొక్కుకున్నాను. అందుకే అంతసేపు కూర్చుండిపోయాను. ఆయన రాలేదు."

ముసలాయన బ్యాండు వినిపిస్తున్న వైపు తిరిగాడు. అది వీధి మలుపు దాటేదాకా అలాగే ఉండిపోయాడు.

"వచ్చాడమ్మా, నీ మొక్కు చెడలేదు," అంటూ అవెలీనో వంగి, స్మృతి బూట్లు తీసి ఆ పిల్ల కాళ్ళ ముందు పెట్టాడు.