అయిదో కత్తి

"ఇది కూడా వద్దు పోలరాజు గారూ."

సరుకు నాణ్యత చూసే శ్రీలేఖ కత్తిని బల్ల మీద పెట్టి, తనిఖీ కాగితం మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టింది. జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి. మార్చిలో ఇది మూడోది.

"ఏటమ్మా దీనికొచ్చిన లోపం?"

"బరువు పిడి వైపు లాగుతోంది."

పోలరాజు కత్తిని తీసుకుని, పిడికి నాలుగు వేళ్ల అవతల చూపుడువేలి మీద నిలబెట్టాడు. మూడున్నర అడుగుల ఉక్కు అటూ ఇటూ ఒకసారి ఊగి, కదలకుండా నిలిచింది.

"ఎక్కడమ్మా లాగడం?"

"మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుస్తోంది. మళ్లీ చెయ్యండి."

లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వెనక సందులో ఉంది ఆ షెడ్డు. వందల ఏళ్ల కింద యూరప్‌లో సైనికులు వాడిన కత్తులకు నకళ్లు చేసి విదేశాలకు పంపుతారక్కడ. నాటకాలవాళ్లు కొంటారు, పాత యుద్ధాల మీద మోజున్నవాళ్లు కొంటారు. ఒకప్పుడు కొలిమి చుట్టూ ఆరుగురు కమ్మర్లు ఉండేవారు. కంప్యూటరు చెప్పిన కొలతకి రేకు కోసే మిషన్లు కొత్త షెడ్డులోకి వచ్చాక ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తుని దగ్గర పల్లె నుంచి ముప్పయ్యేళ్ల కింద సికింద్రాబాద్ స్టేషన్లో దిగిన పోలరాజు ఒక్కడే మిగిలాడు. జర్మనీ పెద్దమనిషి ఎవరో చేత్తో కొట్టిన కత్తే కావాలని ఒకటి ఆర్డరిచ్చాడు. మే నెలాఖరుకి పంపితే చాలన్నాడు. ఆ ఒక్క కత్తి కోసమే ఇదంతా.

పోలరాజు గుమ్మం దాకా వెళ్లాక శ్రీలేఖ వెనక నుంచి అడిగింది.

"లోవమ్మ గారికి మందు ఎక్కించడం అయిపోయిందా?"

"ఇంకా రెండుసార్లుంది. ఆపైన గడ్డ తీసినచోట నెల పైచిలుకు కరెంటు పెట్టాలన్నారు."

"అంటే మే దాకా."

అతను తల ఊపి వచ్చేశాడు. తన భార్య జబ్బు గురించి ఈవిడ ప్రతిసారీ ఆరా తీయడం అతనికి నచ్చదు. సెలవులు లెక్కపెట్టుకోవడానికి కాకపోతే మరెందుకు?

ఆ రాత్రి కాప్రాలో, అద్దింటి వసారాలో కూర్చుని లోవమ్మతో అన్నాడు.

"మా అయ్య కొట్టిన కొడవలికి కూడా ఎవరూ వంక పెట్టలేదు. పుస్తకం చదివి వచ్చిన పిల్ల నాకు ఉక్కు నేర్పుతోంది."

లోవమ్మ తలకి చుట్టుకున్న గుడ్డ సర్దుకుంది. డిసెంబరులో రొమ్ములో గడ్డ తీసినప్పటి నుంచీ ఆమె గొంతు సన్నబడింది.

"మాట అనకు. కంపెనీ కార్డు మీదే కదా ఇంత వైద్యమూ జరుగుతోంది. ఉద్యోగం ఉంటే చాలు."

అందుకే ఊరుకున్నాడు. ఏప్రిల్లో నాలుగోది కొట్టాడు. ఉక్కు పండిన నారింజ రంగుకి వచ్చేదాకా కళ్లార్పకుండా చూసి, నూనెలో నిలువునా దించాడు. ఎండలో ఎత్తి పట్టుకుంటే మొన నుంచి పిడి దాకా ఒక్క గీతలా మెరిసింది. శ్రీలేఖ దాన్నీ వద్దంది. అంచు మీద నూలుపోగంత వంకర ఉందంది. కాదన్న కత్తుల్ని స్టోరులోకి పంపేసేది. వాటి మొహం అతను మళ్లీ చూడలేదు.

ఆ రోజే ఆమె ఫోన్లో ఓనరుతో మాట్లాడటం విన్నాడు.

"లేదు సార్, ఇదీ కుదరలేదు... నేను సంతకం పెట్టలేను సార్."

అవతల గొంతు గట్టిగా అరుస్తోంది. తన మీద చాడీలు చెబుతోందనుకుని పోలరాజు కొలిమి దగ్గరికి వచ్చి, నిప్పులు ఊరికే కెలుకుతూ కూర్చున్నాడు.

మే ఇరవయ్యారున అయిదో కత్తి బల్ల మీద పెట్టాడు. శ్రీలేఖ దాని వంక చూడకుండా, "నిన్న డాక్టరు ఏమన్నారు?" అంది.

"ఆఖరి కరెంటు అయిపోయింది. ఇక మూణ్ణెల్లకోసారి చూపించుకుంటే చాలంట." పొడిగా చెప్పాడు.

ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత కత్తిని ఎత్తి, దించి, నీలం సిరాతో 'పాస్' అని రాసింది. సొరుగులోంచి మడత కాగితం ఒకటి తీసి ఇచ్చింది.

"ఈ ఆర్డరు పూర్తయిన రోజుతో కొలిమి మూసెయ్యాలని ఓనరు డిసెంబరులోనే చెప్పారు. మీ ఉద్యోగం, కార్డు ఈ రోజుతో సరి. మీకు రావలసింది అందులో ఉంది."

పోలరాజు కాగితం తీసుకోలేదు.

"పంపించెయ్యడానికేనా అమ్మా నా చేత అయిదు కొట్టించావు? పనికిరానివాణ్నని నాలుగుసార్లు అనిపించుకుని పోవాలా?"

ఆమె కాగితాన్ని బల్ల మీద అతని వైపు జరిపింది.

"మీ సామాను సర్దుకోండి పోలరాజు గారూ."

అతను సమ్మెటా పట్టకారూ సంచిలో వేసుకున్నాడు. పోతూ పోతూ తను చేసిన ఆఖరి కత్తిని ఏ పెట్టెలో పెడతారో చూద్దామని స్టోరులోకి తొంగిచూశాడు. పార్సిళ్లు కట్టే రాములు, దుమ్ము పట్టిన పొడుగాటి చెక్కపెట్టె ఒకటి తుడిచి, మీద అడ్రసు కాగితం అంటిస్తున్నాడు.

"అదేటి రాములూ?"

"జర్మనీ పార్సిల్ అన్నా. మేడమ్ సీలేసి శానా దినాలాయె. ఇయ్యాల పంపుమన్నది."

"నా కత్తి ఇంకా ఆవిడ బల్ల మీదే ఉంది కదరా! ఇందులో ఉన్నదేటి మరి?"

రాములు అంటిస్తున్న చెయ్యి ఆపి, అతని మొహంలోకి వింతగా చూశాడు.

"నీ మొదటి కత్తే అన్నా."